మైక్రోవేవ్ ప్లాస్మాతో ఉపరితల శుద్ధి, పాలిమర్ పూత: మొదటి నుంచి చివరిదాకా

"పాలీప్రొపైలీన్ ముక్కను ప్లాస్మాలో పెట్టాం. మొదటి రోజు ఇంకు బాగా పట్టింది. వారం తర్వాత గోటితో గీకితే లేచి వచ్చేసింది. ఎక్కడ తప్పు చేశాం?" ప్రాజెక్టు విద్యార్థులు, చిన్న పరిశ్రమల వాళ్లు ఈ ప్రశ్నే రకరకాలుగా అడుగుతున్నారు. చాలాసార్లు తప్పు ప్లాస్మాలో, అంటే మైక్రోవేవ్ శక్తికి అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయి వెలిగే గ్యాస్‌లో, ఉండదు. వెలిగించడానికి ముందు గంటలోనో, ఆపేసిన తర్వాత పది నిమిషాల్లోనో ఉంటుంది. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు ఆ రెండింటికే ఇచ్చాను.

ఉదాహరణకు ఒక మామూలు ల్యాబ్ యంత్రాన్ని తీసుకుందాం. మైక్రోవేవ్‌లను పుట్టించే 2.45 గిగాహెర్ట్జ్ మాగ్నెట్రాన్, వాటిని తీసుకొచ్చే లోహపు గొట్టం (వేవ్‌గైడ్), పైన క్వార్ట్జ్ విండో, కింద 30 లీటర్ల స్టీలు వాక్యూమ్ ఛాంబర్. దానితో రెండు పనులు చేస్తాం. మొదటిది, ఆక్సిజన్ ప్లాస్మాతో పాలీప్రొపైలీన్‌కి ఇంకు, జిగురు పట్టేలా చేయడం. రెండోది, హెక్సామిథైల్‌డైసిలోక్సేన్ అనే ద్రవం ఆవిరితో సన్నని పూత వేయడం. ల్యాబుల్లో దీన్ని హెచ్‌ఎండీఎస్‌ఓ అంటారు, నేనూ అలాగే రాస్తాను. పెట్ బాటిళ్ల లోపలి గోడకు గ్యాస్ దాటకుండా వేసే పూతల్లో కొన్ని ఈ పద్ధతిలోనే తయారవుతాయి.

ఇక్కడ ఇచ్చిన ప్రెషర్, పవర్, సమయం అంకెలు మొదలుపెట్టడానికి మాత్రమే. మీ ఛాంబర్ ఆకారాన్ని బట్టి అవి మారతాయి.

1. ఏం కావాలో ముందు అంకెల్లో రాసుకోండి

"బాగా అతకాలి" అని రాసుకుంటే పని జరగదు. శుద్ధి చేయని పాలీప్రొపైలీన్ ఉపరితల శక్తి మీటరుకు సుమారు 30 మిల్లీన్యూటన్లు. దాని మీద నీటిబొట్టు దాదాపు 100 డిగ్రీల కోణంలో గుండ్రంగా కూర్చుంటుంది. ప్రింటింగ్‌కు సాధారణంగా 38 లేదా అంతకంటే ఎక్కువ కావాలి. చాలా జిగుర్లకు 42 దాటితే మంచిది.

పూత విషయంలో రెండు దారులున్నాయి. హెచ్‌ఎండీఎస్‌ఓ ఒక్కటే వాడితే సిలికోన్ లాంటి, నీటిని నెట్టేసే పొర వస్తుంది. దానికి పది రెట్లో, ఇంకా ఎక్కువో ఆక్సిజన్ కలిపితే కార్బన్ కాలిపోయి గాజులాంటి సిలికా పొర వస్తుంది. ఇది నీటిని నెట్టదు, గ్యాస్‌ను అడ్డుకుంటుంది. ఏది కావాలో తేల్చుకోకుండా మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ.

తామరాకు మీద బొట్టు జారినట్టు జారాలని చాలామంది ఆశపడతారు. నున్నటి ఉపరితలం మీద హెచ్‌ఎండీఎస్‌ఓ పూత సాధారణంగా 100 నుంచి 105 డిగ్రీల వరకే ఇస్తుంది. తామరాకు గుణం దాని మీదున్న సూక్ష్మమైన గరుకుదనం వల్ల కూడా వస్తుంది. ఆ గరుకు లేకుండా పూత ఒక్కటే అంత పని చేయలేదు.

2. భద్రత: ఇందులో రాజీ వద్దు

వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ విప్పి ఈ పని చేయొచ్చా అని అడుగుతున్నారు. వద్దు. మాగ్నెట్రాన్‌కు వెళ్లే వోల్టేజీ వేలల్లో ఉంటుంది. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జ్ మిగిలి ఉండొచ్చు. యంత్రం లేనివాళ్లు అది ఉన్న సంస్థను అడగడం మంచిది. గాంధీనగర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ప్లాస్మా రీసెర్చ్‌లో పరిశ్రమలతో కలిసి పనిచేసే విభాగం ఉంది.

యంత్రం ఉన్నవాళ్లు ప్రతిసారీ చూసుకోవాల్సినవి:

- మైక్రోవేవ్ లీకేజీ మీటర్‌తో ఫ్లాంజ్‌లు (గొట్టాలు బిగించే అతుకులు), చూసే కిటికీ చుట్టూ పరీక్షించాలి. ఇంటి ఓవెన్లకు పెట్టిన హద్దు 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు. మీ దగ్గర అంతకంటే చాలా తక్కువ ఉండాలి.
- చూసే కిటికీకి లోహపు జాలీ ఉండాలి. క్వార్ట్జ్ అతినీలలోహిత కాంతిని ఆపదు కాబట్టి ఆ కాంతిని ఆపే కళ్లద్దాలు పెట్టుకోవాలి.
- తలుపు తెరిస్తే పవర్ ఆగిపోయే ఇంటర్‌లాక్ పనిచేస్తోందో లేదో చూడాలి. దాన్ని బైపాస్ చేసి పని కానివ్వకండి.
- ఆక్సిజన్ వాడేటప్పుడు పంపులో మామూలు మినరల్ ఆయిల్ ఉండకూడదు, మంటలు లేచే ప్రమాదం ఉంది. ఫ్లోరిన్ ఆధారిత ఆయిల్ గానీ డ్రై పంపు గానీ వాడాలి.
- హెచ్‌ఎండీఎస్‌ఓ పెట్రోల్‌లా తేలిగ్గా అంటుకునే ద్రవం. పంపు ఎగ్జాస్ట్‌ను నైట్రోజన్‌తో పలచన చేసి బయటికి పంపాలి.
- పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ గదిలోకి రాకూడదు.

3. ఛాంబర్ సిద్ధం చేయడం

ఓ-రింగులు (గాలి చొరకుండా ఆపే రబ్బరు వలయాలు) తీసి, దారాలు లేని గుడ్డతో తుడిచి, పగుళ్లున్నాయేమో చూడండి. సిలికోన్ గ్రీజు రాయకండి. ఆవిరై శాంపిల్ మీద చేరి అతుకును చెడగొట్టేది చాలాసార్లు అదే.

తర్వాత లీక్ పరీక్ష. దీన్ని వదిలేయడం వల్ల పోయిన శాంపిల్స్ లెక్క పెడితే మిగతా తప్పులన్నీ చిన్నవిగా కనిపిస్తాయి.

1. ఛాంబర్‌ను 0.01 మిల్లీబార్ కంటే కిందికి పంప్ చేయండి.
2. పంపు వాల్వ్ మూసి, 60 సెకన్లలో ప్రెషర్ ఎంత పెరిగిందో రాయండి.
3. పెరిగినదాన్ని ఛాంబర్ ఘనపరిమాణంతో గుణించి, సెకన్లతో భాగించండి.

30 లీటర్ల ఛాంబర్‌లో 60 సెకన్లకు 0.01 మిల్లీబార్ పెరిగితే, సెకనుకు 0.005 మిల్లీబార్-లీటర్లు. గ్యాస్ ప్రవాహం లెక్కలో ఇది సుమారు 0.3 ఎస్‌సీసీఎం, అంటే నిమిషానికి 0.3 ప్రామాణిక ఘన సెంటీమీటర్లు. మీరు పంపే ఆక్సిజన్ 20 ఎస్‌సీసీఎం అయితే లీక్ ఒకటిన్నర శాతం. శుద్ధికి ఇది ఫర్వాలేదు. పూతకు ఇంకా తగ్గించాలి.

ప్రెషర్ ఎలా పెరుగుతోందో కూడా గమనించండి. నిమిషం నిమిషానికి ఒకే తీరులో పెరుగుతూ పోతే నిజమైన లీక్ ఉందని అర్థం. మొదట వేగంగా పెరిగి, తర్వాత నెమ్మదించి ఆగిపోతే గోడలకు పట్టిన తేమ వదులుతోందని అర్థం. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో వానాకాలంలో ఛాంబర్ పది నిమిషాలు తెరిచి ఉంచితే చాలు, రెండోది తప్పదు. దానికి బోల్టులు బిగించుకుంటూ కూర్చోవడం దండగ. గోడలను 50 నుంచి 60 డిగ్రీలకు వేడిచేసి పంప్ చేయండి. తెరిచేటప్పుడు మామూలు గాలి కాకుండా పొడి నైట్రోజన్ నింపండి.

ఇంకో మాట. వేడి తీగతో ప్రెషర్ కొలిచే పిరానీ గేజ్ అంకె గ్యాస్‌ను బట్టి మారుతుంది. నైట్రోజన్‌కు సరిచేసిన గేజ్ ఆర్గాన్ ప్రెషర్‌ను అసలుకంటే తక్కువ చూపిస్తుంది, హెచ్‌ఎండీఎస్‌ఓ ఆవిరికైతే దాని అంకెను అసలు నమ్మలేం. పూత పనికి, గ్యాస్ ఏదైనా ప్రెషర్‌ను నేరుగా కొలిచే కెపాసిటెన్స్ మానోమీటర్ ఉండాలి.

4. శాంపిల్ శుభ్రం చేయడం

ప్లాస్మా మురికిని కడిగేస్తుందిలే అనుకోవద్దు. కొన్ని నానోమీటర్ల మందం మలినాన్ని తీయగలదు. వేలిముద్ర జిడ్డు, అచ్చు నుంచి ఊడిరావడానికి రాసిన సిలికోన్ స్ప్రే దాని వల్ల పోవు. సిలికోన్ మీద ఆక్సిజన్ ప్లాస్మా తగిలితే అది గాజులా గట్టిపడి అక్కడే ఉండిపోతుంది.

పాలీప్రొపైలీన్ ఫిల్ములకు ఇంకో చిక్కుంది. షీట్లు ఒకదానికొకటి అంటుకోకుండా వాటిలో జారుడు పదార్థాలు కలుపుతారు. అవి రోజులు గడిచేకొద్దీ లోపలి నుంచి పైకి వస్తాయి. నిన్న తుడిచిన ముక్కను ఈరోజు వాడేముందు మళ్లీ తుడవాలి.

- పౌడర్ లేని నైట్రైల్ గ్లవ్స్, కొత్త జత వేసుకున్నారా?
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 5 నిమిషాలు అల్ట్రాసోనిక్ బాత్, ఆపైన కొత్త ఆల్కహాల్‌తో మరోసారి కడగడం అయ్యాయా?
- పొడి నైట్రోజన్‌తో ఆరబెట్టారా? నూనె తుంపర వచ్చే కంప్రెసర్ గాలి వద్దు.
- శాంపిల్‌తో పాటు ఒక సిలికాన్ వేఫర్ ముక్క, ఒక గాజు స్లైడ్ పెట్టారా? తర్వాత మందం కొలవడానికి, పోల్చడానికి ఇవే ఆధారం.
- ప్లాస్మా తగలని ఒక ముక్కను పక్కన ఉంచారా?

5. ఆక్సిజన్‌తో ఉపరితల శుద్ధి

1. శాంపిల్‌ను విండో నుంచి 10 సెంటీమీటర్ల కింద, గాజు లేదా సిరామిక్ స్టాండ్ మీద పెట్టండి. పదునైన అంచులున్న లోహం పెడితే నిప్పురవ్వలు వస్తాయి.
2. 0.01 మిల్లీబార్ కిందికి పంప్ చేసి, కనీసం 15 నిమిషాలు అలాగే ఉంచండి. ప్లాస్టిక్ తన లోపలి గ్యాస్‌ను నెమ్మదిగా వదులుతుంది.
3. ఆక్సిజన్ 20 ఎస్‌సీసీఎం పంపి, 0.2 మిల్లీబార్ దగ్గర నిలబెట్టండి. రెండు నిమిషాలు ఆగండి.
4. 300 వాట్లతో వెలిగించండి. వెలగకపోతే కొద్దిగా ఆర్గాన్ కలపండి. వెలగని స్థితిలో పవర్ పెంచుకుంటూ పోవద్దు, అదంతా మాగ్నెట్రాన్ వైపు తిరిగి వస్తుంది.
5. వెలిగిన వెంటనే వేవ్‌గైడ్ మీది ట్యూనర్ స్క్రూలు తిప్పి రిఫ్లెక్టెడ్ పవర్‌ను (తిరిగొచ్చే పవర్‌ను) కనిష్ఠానికి తీసుకురండి. వెలగకముందు చేసిన ట్యూనింగ్ పనికిరాదు. ప్లాస్మా పుట్టగానే లోడ్ మొత్తం మారిపోతుంది.
6. 20 నుంచి 30 సెకన్లకు ఆపండి.
7. ఆక్సిజన్ ఆపి, పంప్ చేసి, పొడి నైట్రోజన్ నింపి తెరవండి.

ట్యూనింగ్‌కు పట్టిన సెకన్లు కూడా శుద్ధి సమయంలో కలుస్తాయి. అందుకే మొదట ఖాళీ ఛాంబర్‌లో ట్యూన్ చేసి స్క్రూల స్థానం గుర్తుపెట్టుకోండి. శాంపిల్ పెట్టాక చిన్న సవరణ సరిపోతుంది.

30 సెకన్లు బాగుంటే 5 నిమిషాలు ఇంకా బాగుంటుందని అనుకోవడం సహజం. ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు అదే. ఎక్కువసేపు ఉంచితే పాలిమర్ గొలుసులు తెగి చిన్న ముక్కలవుతాయి. అవి ఉపరితలం మీద నీటిలో కరిగే బలహీనమైన పొరగా మిగిలిపోతాయి. డైన్ ఇంకు (ఉపరితల శక్తిని తేల్చే పరీక్ష ఇంకు) పరీక్షలో అంకె అద్భుతంగా వస్తుంది, జిగురు మాత్రం ఆ పొరతో సహా లేచిపోతుంది. దీన్ని తేలిగ్గా పట్టుకోవచ్చు. శుద్ధి చేసిన ముక్కను శుభ్రమైన నీటిలో ఒక నిమిషం ముంచి, ఆరబెట్టి, నీటిబొట్టు కోణం మళ్లీ కొలవండి. బాగా పెరిగిందంటే శుద్ధి మితిమీరింది.

వేడి సంగతి కూడా చూడాలి. పాలీప్రొపైలీన్ 160 డిగ్రీలు దాటాకే కరుగుతుంది గానీ, అంతకు చాలా ముందే వంగుతుంది. మామూలు థర్మోకపుల్ తీగ మైక్రోవేవ్‌లో తానే వేడెక్కి తప్పుడు అంకె చెబుతుంది. రంగు మారి అలాగే ఉండిపోయే ఉష్ణోగ్రత స్టిక్కర్‌ను శాంపిల్ వెనుక అంటించడం మేలు. వేడి ఎక్కువైతే పవర్‌ను పల్సులుగా ఇవ్వండి: కొన్ని మిల్లీసెకన్లు ఆన్, దానికి పది రెట్లు ఆఫ్.

6. పూతకు ముందు: ఆవిరి లైన్

హెచ్‌ఎండీఎస్‌ఓ దాదాపు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గది ఉష్ణోగ్రతలోనే దాని ఆవిరి మన పనికి చాలు. ఫ్లాస్క్‌ను వేడిచేయనక్కర్లేదు, ఒకే ఉష్ణోగ్రతలో ఉంచాలంతే. నీళ్ల తొట్టిలో పెడితే సరిపోతుంది. ఫ్లాస్క్ నుంచి ఛాంబర్ దాకా ఉన్న గొట్టం మాత్రం ఫ్లాస్క్ కంటే వెచ్చగా, 40 నుంచి 50 డిగ్రీలు ఉండాలి. లేదంటే ఎక్కడో ఒకచోట ఆవిరి చల్లబడి బొట్టు కడుతుంది, ప్రవాహం ఎగిరెగిరి పడుతుంది.

కొత్త ద్రవంలో గాలి కరిగి ఉంటుంది. ఫ్లాస్క్‌ను ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, పంప్ చేసి, వాల్వ్ మూసి కరగనివ్వండి. మూడుసార్లు ఇలా చేయండి.

ప్రవాహాన్ని కొలవడానికి లీక్ పరీక్ష పద్ధతే వాడొచ్చు. పంపు వాల్వ్ మూసి, ఆవిరి వాల్వ్ తెరవండి. 30 లీటర్ల ఛాంబర్‌లో 30 సెకన్లకు 0.084 మిల్లీబార్ పెరిగితే ప్రవాహం సుమారు 5 ఎస్‌సీసీఎం. ఇది సరైనదో కాదో ఫ్లాస్క్ బరువుతో తేల్చుకోవచ్చు. 5 ఎస్‌సీసీఎం అంటే గంటకు దాదాపు 2.2 గ్రాములు తగ్గాలి. రెండు లెక్కలూ కలవకపోతే ముందు గేజ్‌ను అనుమానించండి.

ఆవిరి ఎక్కడ లోపలికి వస్తుందన్నదీ ముఖ్యమే. విండో దగ్గర ఆర్గాన్, ఆక్సిజన్ మాత్రమే రావాలి. హెచ్‌ఎండీఎస్‌ఓ శాంపిల్‌కు కాస్త పైన రావాలి. విండో పక్కనే వదిలితే పూత విండో మీద పడుతుంది, అది మైక్రోవేవ్‌ను పీల్చి వేడెక్కుతుంది, చివరికి క్వార్ట్జ్ పగులుతుంది.

7. పూత వేసే క్రమం

1. శాంపిల్ మీద 10 సెకన్ల ఆర్గాన్ ప్లాస్మా ఇవ్వండి. అతుకుకు ఇది పునాది.
2. ప్లాస్మా ఆపి, ఆర్గాన్ 20, హెచ్‌ఎండీఎస్‌ఓ 5 ఎస్‌సీసీఎం పంపండి. గాజులాంటి పొర కావాలంటే ఆర్గాన్‌కు బదులు ఆక్సిజన్ 50 నుంచి 100.
3. ప్రెషర్ 0.1 నుంచి 0.2 మిల్లీబార్ మధ్య నిలిచాక థ్రాటిల్ వాల్వ్‌ను (పంపు వైపు దారిని సర్దే వాల్వ్‌ను) కదలకుండా ఉంచండి.
4. శాంపిల్‌ను కప్పే షట్టర్ మూసి వెలిగించి, ట్యూన్ చేసి, ప్లాస్మా నిలకడగా ఉన్నాక షట్టర్ తెరవండి. సమయం అక్కడి నుంచి లెక్క.
5. అనుకున్న సమయానికి పవర్ ఆపండి. ఆవిరిని మాత్రం ఇంకో ఒకటి రెండు నిమిషాలు పోనివ్వండి.
6. ఆవిరి మూసి, పంప్ చేసి, పావుగంట ఆగి, నైట్రోజన్‌తో తెరవండి.

వెలిగించగానే ప్రెషర్ పెరుగుతుంది, భయపడకండి. ఒక పెద్ద అణువు విరిగి చాలా చిన్న అణువులయ్యాయి కాబట్టి పెరిగింది. చాలామంది వెంటనే వాల్వ్ తిప్పి "సరిచేస్తారు". దాంతో ప్రతి ప్రయోగం వేరే ప్రయోగమైపోతుంది. వెలిగించక ముందు ప్రెషర్, తర్వాత ప్రెషర్ రెండూ రాసుకుంటే చాలు.

అయిదో మెట్టును అందరూ తొందరలో దాటేస్తారు. తాజా పూతలో తెగిన బంధాలు చాలా మిగిలి ఉంటాయి. వెంటనే గాలి తగిలితే అవి ఆక్సిజన్‌ను పట్టుకుని, వారాల తరబడి పూత గుణాన్ని మారుస్తూ ఉంటాయి. ఆవిరి తగిలితే వాటిలో కొన్ని అక్కడే సద్దుమణుగుతాయి.

8. పవర్ ఎంత? లెక్క వేసే తీరు

"మీరు ఎన్ని వాట్లు పెట్టారు?" అన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే ఉంటే సరిపోదు. పూత గుణాన్ని తేల్చేది ఒక్కో అణువుకు అందిన శక్తి. యాసుద అనే శాస్త్రవేత్త పేరుతో ఈ లెక్క వాడుకలో ఉంది. వాట్లను, ఎస్‌సీసీఎం ప్రవాహం, అణుభారం రెండింటి లబ్ధంతో భాగించి, 1340తో గుణిస్తే కిలోకు మెగాజౌళ్లు వస్తాయి.

హెచ్‌ఎండీఎస్‌ఓ అణుభారం 162. ప్రవాహం 10, పవర్ 100 వాట్లు అయితే సుమారు 83 మెగాజౌళ్లు. ఇక్కడ వాట్లంటే పంపిన పవర్ లోంచి తిరిగొచ్చినది తీసేయగా మిగిలినవి. ప్రవాహం రెట్టింపు చేసి పవర్ మార్చకపోతే ఈ అంకె సగమవుతుంది, పూత మెత్తబడుతుంది. పొరలు కొత్తవైనా, యంత్రం మారినా, ముందు ఈ అంకెను సమానం చేసి మొదలుపెట్టండి.

9. పరీక్షలు

నీటిబొట్టు కోణానికి 2 నుంచి 3 మైక్రోలీటర్ల బొట్టు, అయిదు చోట్ల కొలిచి సగటు తీయండి. ఒక్కచోట కొలిచిన అంకెకు విలువ లేదు. డైన్ ఇంకు తగిలిన ముక్కను మళ్లీ వాడకండి.

మందానికి, వేఫర్ మీద ముందే ఒక సన్నని గీతగా మార్కర్ రాసి, పూత తర్వాత ఆల్కహాల్‌తో తుడిస్తే మెట్టు వస్తుంది. దాన్ని ప్రొఫైలోమీటర్‌తో (ఉపరితలం మీది ఎత్తుపల్లాలు కొలిచే యంత్రంతో) కొలవండి.

ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో రసాయన బంధాలను గుర్తించే యంత్రం) అందుబాటులో ఉంటే, సెంటీమీటరుకు 1260 తరంగాల దగ్గర శిఖరం మిథైల్ సమూహాలను, 1000 నుంచి 1100 మధ్య శిఖరం సిలికాన్-ఆక్సిజన్ గొలుసును చూపిస్తాయి. గాజులాంటి పొరలో మొదటిది దాదాపు మాయమవ్వాలి.

అతుకుకు బ్లేడుతో మిల్లీమీటరు గళ్లు గీసి, టేపు అంటించి లాగండి. నీళ్లలో ఒక రాత్రి ఉంచాక మళ్లీ చేయండి, అసలు సంగతి అప్పుడు తెలుస్తుంది.

10. కనిపించే లోపాలు, వాటి మందు

*తెల్లటి పొడి.* గ్యాస్‌లోనే రేణువులు కట్టి రాలాయి. ప్రెషర్ తగ్గించండి, పల్సులు వాడండి.

*జిడ్డుగా, ఆల్కహాల్‌తో తుడిస్తే పోయే పూత.* అణువుకు అందిన శక్తి చాలలేదు. పవర్ పెంచండి, లేదా ప్రవాహం తగ్గించండి.

*పగుళ్లు, పొట్టులా లేవడం.* మందం ఎక్కువైంది. గాజులాంటి పొర మెత్తటి ప్లాస్టిక్ మీద ముందుగా పగులుతుంది. కింద సిలికోన్ లాంటి పొర వేసి, ఆక్సిజన్‌ను మెల్లగా పెంచుతూ గాజు పొరలోకి వెళ్లండి.

*ఆరు సెంటీమీటర్లకొకటి చొప్పున రంగుల పట్టీలు.* 2.45 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 12.2 సెంటీమీటర్లు. అందులో సగం దూరంలో పట్టీలు వస్తుంటే ఛాంబర్‌లో ఒకేచోట నిలిచిపోయిన తరంగం (స్టాండింగ్ వేవ్) ఉంది. శాంపిల్‌ను తిప్పండి, లేదా విండో నుంచి దూరం పెంచండి.

*ప్లాస్మా రంగు గులాబీ-ఊదాకు తిరగడం.* నైట్రోజన్ లోపలికి వస్తోంది, అంటే గాలి లీక్. స్పెక్ట్రోమీటర్ ఉంటే 337 నానోమీటర్ల దగ్గర గీత చూడండి. 309 దగ్గర పెరిగితే అది తేమ.

*పూత పనులయ్యాక శుద్ధి చేసిన ముక్కలకు జిగురు పట్టకపోవడం.* గోడల మీద సిలికోన్ పేరుకుంది, ప్రతి ప్లాస్మాలో అది కాస్త లేచి శాంపిల్ మీద పడుతోంది. ఆక్సిజన్ ప్లాస్మాతో ఇది పూర్తిగా పోదు, సిలికాగా మిగులుతుంది. లోపలి పలకలను తీసి గీకి కడిగేలా ముందే ఏర్పాటు చేసుకోండి. వీలైతే రెండు పనులకూ వేర్వేరు ఛాంబర్లు ఉండాలి. ఈ ఒక్క విషయంలో ఖర్చుకు వెనకాడొద్దని గట్టిగా చెబుతాను.

11. బయటికి తీశాక

శుద్ధి చేసిన పాలీప్రొపైలీన్ అలాగే ఉండిపోదు. ఉపరితలం మీది గొలుసులు లోపలికి తిరుగుతాయి, మార్పులో ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే జరుగుతుంది. వారం తర్వాత ఇంకు లేచిపోయిందన్న మొదటి ప్రశ్నలో అడగాల్సినది ఇది: ఇంకు ఎప్పుడు వేశారు? శుద్ధి అయిన గంటల్లోనే ఇంకు, జిగురు వేయాలి.

ఆగక తప్పకపోతే శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, చల్లని పొడి చోట ఉంచండి. పాలిథిన్ సంచి వద్దు, దానిలోని జారుడు పదార్థం మీ శాంపిల్‌కు అంటుకుంటుంది.

ప్రతి ప్రయోగానికి నోటుపుస్తకంలో ఉండాల్సిన వరుసలు:

- తేదీ, గదిలో తేమ, ఛాంబర్ ఎంతసేపు తెరిచి ఉంది
- లీక్ అంకె, పంపింగ్ సమయం
- గ్యాస్‌ల ప్రవాహాలు, వెలిగించక ముందు, తర్వాత ప్రెషర్
- పంపిన పవర్, తిరిగొచ్చిన పవర్, ట్యూనర్ స్థానం
- సమయం, శాంపిల్ దూరం, ఉష్ణోగ్రత స్టిక్కర్ చూపినది
- ఇదే ఛాంబర్‌లో దీనికి ముందు ఏ పని జరిగింది
- నీటిబొట్టు కోణం: వెంటనే, ఒక రోజుకు, ఒక వారానికి